స్కాలర్‌షిప్ సమాచారం నిజమో కాదో పిల్లలే తేల్చుకోవాలంటే

మాస్టారూ, మీరు రాసిన ఉత్తరంలో ముందు మీ విద్యార్థిని, ఆ అమ్మాయి సంగతి చూద్దాం. వాట్సాప్‌లో వచ్చిన ఫారంలో ఆధార్ ఫొటో పెట్టి, ఓటీపీ కూడా చెప్పేసిందన్నారు. మీ అసలు ప్రశ్న రేపటికైనా ఆగుతుంది కానీ ఇది ఆగదు. ఆధార్‌కు లింకైన సిమ్ ఉన్న ఫోన్ దగ్గర పెట్టుకుని, ఆ అమ్మాయి చేత ఈరోజే మై ఆధార్ సైట్ తెరిపించండి. అడ్రస్ మైఆధార్ డాట్ యూఐడీఏఐ డాట్ గవ్ డాట్ ఇన్. లాగిన్ అయ్యాక అథెంటికేషన్ హిస్టరీలో ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో తేదీ, టైముతో కనిపిస్తుంది. తనకు తెలియని ఎంట్రీ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి. బ్యాంక్ సీడింగ్ స్టేటస్, అంటే ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు వెళుతుందో కూడా అక్కడే ఉంటుంది, తన బ్యాంకు పేరే ఉందో లేదో చూడాలి. తరువాత బయోమెట్రిక్స్ లాక్ చేయించండి. లాక్‌లో ఉన్నంతకాలం రేషన్ డిపోలో ఆ అమ్మాయి వేలిముద్ర పడదు, స్కాలర్‌షిప్ పోర్టల్లో ముఖం చూపించే అథెంటికేషనూ జరగదు. పని పడినప్పుడు కాసేపు తెరుచుకోవచ్చని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పకపోతే రేషన్ డిపో దగ్గర నిలబడి పిల్లనే తిడతారు. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ సైట్‌లో ఆ అమ్మాయి పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా చూడండి. ఆ లింకు నుంచి ఏదైనా యాప్ దింపి ఉంటే తీసేయాలి. చెప్పింది బ్యాంకు ఓటీపీ అయితే ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఖాతా ఆపించాలి. ఒక్క రూపాయి పోయినా 1930కి కాల్ చేయాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోన్ చేసేముందు లావాదేవీ గుర్తింపు నంబరు (యూటీఆర్), టైము కాగితం మీద రాసుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. రాజోలు దగ్గర ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చెబుతున్నారు. పిల్లలు రోజుకో లింకు తెచ్చి "సార్, ఇది నిజమేనా" అంటున్నారు. ప్రతిదానికీ మీరే తీర్పు చెప్పడం కాకుండా, వాళ్లే వెతికి తేల్చుకునేలా నేర్పాలనుకుంటున్నారు.

దొంగ లింకులంటే అందరికీ భయమే. కానీ మన వైపు పిల్లలకు జరిగే నష్టంలో పెద్ద వాటా పాతబడిపోయిన నిజానిది. పథకం ఉంది, ఇచ్చేది ప్రభుత్వమే, వీడియో చేసినవాడూ మోసగాడు కాదు. కాకపోతే అందులో చెప్పింది మూడేళ్ల కిందటి రూలు. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్షే తీసుకోండి. ఒకప్పుడు దాంట్లో నెలకు 500 ఇచ్చేవారు, ఇప్పుడు నెలకు 1,000, అంటే ఏడాదికి 12,000. తల్లిదండ్రుల ఆదాయ పరిమితి ఒకప్పుడు లక్షన్నర, ఇప్పుడు మూడున్నర లక్షలు. గూగుల్‌లో వెతికితే పాత అంకెలు ఉన్న పేజీలు ఇంకా తగులుతూనే ఉంటాయి. రెండు లక్షల ఆదాయం చూపే ఇంట్లో ఆ పేజీ చదివి "మనకు రాదులే" అని పిల్లాణ్ణి పరీక్షకే పంపకపోతే, ఏ దొంగా ఎత్తుకుపోకుండానే నాలుగేళ్లలో 48,000 పోయినట్టు.

అందుకే "నిజమా, అబద్ధమా" అనే ప్రశ్నను పక్కన పెట్టించండి. దాని బదులు మూడు ప్రశ్నలు అలవాటు చేయండి. డబ్బు ఇచ్చేది ఎవరు? ఏ విద్యా సంవత్సరానికి? ఎవరి ఖాతాలో పడుతుంది? ఈ మూడింటికీ జవాబు డబ్బిచ్చేవాళ్ల సొంత పేజీలో దొరికితేనే ముందుకు వెళ్లాలి. యూట్యూబు, టెలిగ్రామ్ గ్రూపులు, స్కాలర్‌షిప్‌లన్నీ ఒకచోట చేర్చే వెబ్‌సైట్లు, ఇప్పుడు కొత్తగా ప్రశ్న అడిగితే జవాబు చెప్పే ఏఐ యాప్‌లు, వీటన్నిటినీ ఆచూకీ చెప్పేవిగానే చూడాలి. ఫలానా పథకం ఉందని తెలుసుకోవడానికి పనికొస్తాయి. అర్హత, తేదీ, మొత్తం మాత్రం వాటిలో చూసి రాసుకోకూడదు. ఏఐ యాప్‌లయితే పాత రూలునూ కొత్త రూలునూ కలిపి ఒకే వాక్యంలో, తడుముకోకుండా చెప్పేస్తాయి.

మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన రాష్ట్రంలో ఎక్కువ గందరగోళం అక్కడే. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి చూడండి. 2019 నుంచి 2024 దాకా దాన్ని జగనన్న విద్యా దీవెన అన్నారు, హాస్టల్ ఖర్చుకు ఇచ్చేదాన్ని వసతి దీవెన అన్నారు. ఇప్పుడు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కింద ఫీజుది ఆర్టీఎఫ్, ఖర్చులది ఎంటీఎఫ్. పేరుతోపాటు దారీ మారింది. విద్యా దీవెన డబ్బు తల్లుల ఖాతాల్లో పడి, వాళ్లు కాలేజీకి కట్టేవారు. 2024-25 నుంచి ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకే వెళ్లేలా మార్చారు. పాత వీడియో చూసినవాళ్లు ఫీజు పడలేదంటూ బ్యాంకు చుట్టూ తిరుగుతారు. ఇప్పుడు అడగాల్సింది కాలేజీ ఆఫీసులో. ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీకి 20,000 అని ఇప్పటికీ తిరుగుతున్న అంకెలు వసతి దీవెన నాటివి. అవి చూసి ఇంట్లో లెక్కలు వేసుకోవద్దని చెప్పండి.

అడ్రస్ చదవడం ఒక పీరియడ్ పని. బోర్డు మీద రెండు అడ్రసులు ఇంగ్లీషు అక్షరాల్లోనే పక్కపక్కన రాయండి. ఒకటి రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్‌ది, జ్ఞానభూమి డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. రెండోది జ్ఞానభూమి హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఇన్. దూరం నుంచి రెండూ ఒకటే. అడ్రస్‌లో మొదట వచ్చే రెండు స్లాష్‌ల జంటను వదిలేసి, ఆ తరువాత వచ్చే ఒంటరి స్లాష్ దగ్గర వేలు పెట్టించి, అక్కడి నుంచి వెనక్కి చదివించండి. స్లాష్ లేకపోతే అడ్రస్ చివరి నుంచే. మొదటిదాంట్లో వెనక నుంచి ఇన్, డాట్, గవ్, మళ్లీ డాట్ వస్తాయి. రెండోదాంట్లో ఇన్, డాట్, తరువాత హైఫన్‌లతో అతికించిన ఒకే పొడవాటి పేరు. గవ్ డాట్ ఇన్ అనే తోక ప్రభుత్వ శాఖలకు తప్ప ఎవరికీ ఇవ్వరు. నిక్ డాట్ ఇన్ కూడా ప్రభుత్వానిదే. ఉత్త డాట్ ఇన్, డాట్ కామ్, డాట్ ఓఆర్‌జీ మాత్రం డబ్బు కడితే ఎవరికైనా దొరుకుతాయి. స్లాష్ తరువాత ఏం రాసి ఉన్నా లెక్క చేయకూడదు, ఎవడి సైట్‌లోనైనా స్లాష్ కొట్టి "గవ్" అని రాసుకోవచ్చు. అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంది కదా అంటారు పిల్లలు. మనం పంపే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని తప్ప దానికి ఇంకో అర్థం లేదు. దొంగ సైటుకూ తాళం ఉంటుంది.

దీనికీ మినహాయింపు ఉంది. విద్యా రుణాల కోసం కేంద్రం పెట్టిన పీఎం విద్యాలక్ష్మి పోర్టల్ అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉండదు, కో డాట్ ఇన్ ఉంటుంది. పైగా అందులో లక్ష్మిని ఇంగ్లీషులో ఎక్స్ అక్షరంతో రాస్తారు. పాత విద్యాలక్ష్మి పోర్టల్ స్పెల్లింగ్ వేరు. ఇలాంటిచోట అడ్రస్ టైపు చేయకుండా కేంద్ర విద్యాశాఖ సైట్ తెరిచి, అక్కడున్న లింకు నొక్కి వెళ్లాలి. గవ్ డాట్ ఇన్ పేజీ నుంచి దారి దొరికితే నమ్మొచ్చు, దొరక్కపోతే ఆగాలి. గూగుల్‌లో పైన స్పాన్సర్డ్ అని ఉండేవి డబ్బిచ్చి పెట్టుకున్న ప్రకటనలు, వాటిని దాటి కిందికి రావాలి. వెతికేటప్పుడు పథకం పేరు ముందు ఇంగ్లీషులో సైట్, కోలన్, గవ్ డాట్ ఇన్ అని ఖాళీ లేకుండా కొడితే ప్రభుత్వ పేజీలే వస్తాయి. పక్కన విద్యా సంవత్సరం అంకె కూడా వేయిస్తే పాతవి చాలావరకు జారిపోతాయి.

ఇంతకీ ఎక్కడికి వెళ్లాలి? రాష్ట్రం ఇచ్చే ఫీజు, ఖర్చులకు జ్ఞానభూమి. కేంద్ర పథకాల్లో ఎక్కువ భాగం నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే, అంటే స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్. ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష నోటిఫికేషన్, హాల్‌టికెట్, ఫలితాలు మన రాష్ట్రంలో ప్రభుత్వ పరీక్షల విభాగం పెడుతుంది, అది బీఎస్‌ఈ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. ఏ పథకం ఉందో కూడా తెలియనివాళ్లకు మైస్కీమ్ డాట్ గవ్ డాట్ ఇన్ మంచి మొదలు. వయసు, కులం, ఆదాయం, చదువు నింపితే సరిపోయే పథకాల జాబితా ఇస్తుంది. అక్కడి నుంచి మళ్లీ అసలు పేజీకి వెళ్లి సరిచూసుకోవాలి. వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలకు 2025 జనవరిలో మొదలైన మన మిత్ర నంబరు 95523 00009. దీన్ని పిల్లల చేత ఫోన్‌లో సేవ్ చేయించండి. ఎవరో పంపిన మన మిత్ర లింకు నొక్కనక్కర్లేదు.

పథకాల్లో మీ కాలేజీకి బాగా పనికొచ్చేవి రెండున్నాయి. వాటి మీద కాస్త ఎక్కువ చెబుతాను.

మొదటిది ఆ ఎన్‌ఎంఎంఎస్సే. ఎనిమిదిలో పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు వస్తుంది. పది పాసై మీ దగ్గర చేరినవాళ్లలో ఇది వచ్చేవాళ్లు ఉండే ఉంటారు. మొదటి ఏడాది అడ్మిషన్లు అవగానే ఎవరెవరో అడిగి పేర్లు రాసుకోండి, ఎందుకంటే ఇక్కడే చాలామందికి ఆగిపోతుంది. మొదటి కారణం, ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేసుకోవాలని తెలియదు, ఒకసారి వచ్చింది కాబట్టి అదే వస్తుందనుకుంటారు. రెండో కారణం, పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. తొమ్మిది నుంచి పదికి, ఇంటర్ మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి మొదటి ప్రయత్నంలోనే పాస్ కావాలి. మూడోది అన్నిటికంటే బాధ కలిగించేది. ఈ స్కాలర్‌షిప్ ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో చదివేవారికే. పదిలో మంచి మార్కులొచ్చాయని రాజమండ్రిలోనో భీమవరంలోనో ప్రైవేటు కాలేజీలో చేర్పిస్తే అక్కడితో సరి. తిండి, బస ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ రెసిడెన్షియల్ కాలేజీలకూ వర్తించదు. చేరేముందే ఈ మాట చెబితే ఇంట్లోవాళ్లు లెక్క చూసుకుని నిర్ణయించుకుంటారు.

రెండోది ఇంటర్ తరువాత డిగ్రీలో చేరేవారికి కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12,000, పీజీలో 20,000. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకూడదు. దేశం మొత్తం మీద ఏటా కొత్తగా 82,000 మందికి ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకు. రెగ్యులర్ కోర్సు అయి ఉండాలి, దూరవిద్యకు రాదు. అర్హత దగ్గర 80 పర్సంటైల్ పైన అని ఉంటుంది, పిల్లలు దాన్ని 80 శాతం మార్కులు అని చదువుకుంటారు. పర్సంటైల్ అంటే బోర్డు పరీక్ష పాసైనవాళ్లను మార్కుల వరసలో నిలబెడితే పైనుంచి అయిదో వంతులో ఉండాలని అర్థం. మన ఇంటర్‌లో మార్కులు ధారాళంగా వస్తాయి కాబట్టి ఆ గీత 80 శాతం మార్కుల కంటే బాగా పైనే పడుతుంది. 820 మార్కులొచ్చిన పిల్లకు ఖాయంగా వస్తుందని చెప్పి ఆశ పెట్టకండి.

ఇంకో మెలిక. ఈ స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లు రాష్ట్ర స్కాలర్‌షిప్ గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ తీసుకోకూడదు. కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ చేరి పూర్తి ఫీజు వచ్చేవాడు 12,000 కోసం దాన్ని వదులుకోవడం తెలివితక్కువ. తక్కువ ఫీజుతో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరేవాళ్లకు, రాష్ట్ర పథకానికి ఆదాయం ఎక్కువై కేంద్రానికి సరిపోయేవాళ్లకు ఇది అక్కరకొస్తుంది. రెండూ పెట్టుకుంటే ఏదో ఒకటి వస్తుందిలే అనుకుంటే ఆధార్ దగ్గర దొరికిపోతారు. అందుకే ఏ పథకమైనా మార్గదర్శకాల పీడీఎఫ్ తెరవగానే నాలుగు చోట్లు వెతకడం నేర్పండి: ఆదాయ పరిమితి, ఏ సంస్థలో చదవాలి, వేరే స్కాలర్‌షిప్ ఉంటే ఏమవుతుంది, రెన్యువల్‌కు ఏం కావాలి. మిగతాదంతా తరువాత చదువుకోవచ్చు. డిప్లొమా, ఇంజినీరింగ్‌లో చేరే అమ్మాయిలకు ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) ఇచ్చే ప్రగతి ఉంది, ఏడాదికి 50,000, ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరమ్మాయిల వరకు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి సక్షమ్ పేరుతో అంతే మొత్తం. ఆ నాలుగు చోట్లూ వీటిలోనూ చూడాలి.

వాట్సాప్‌లో ఎక్కువగా తిరిగేది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. "75 శాతం వస్తే 10,000, 85 శాతం వస్తే 25,000, మున్సిపల్ ఆఫీసులో ఫారం" అంటూ రకరకాల అంకెలతో వస్తుంది. దాని బలమంతా ఆ పేరుతో నిజంగానే ఒక పథకం ఉండటంలో ఉంది. అది కేంద్రీయ సైనిక్ బోర్డుది. మాజీ సైనికులు, కోస్ట్‌గార్డ్ మాజీ సిబ్బంది పిల్లలకు, వితంతువులకు ప్రొఫెషనల్ కోర్సుల కోసం ఇస్తారు. అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. కేఎస్‌బీ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనే దరఖాస్తు. ఈ ఒక్క ఉదాహరణ తీసుకుని మూడు ప్రశ్నలూ వేయించి చూడండి. ఎవరిస్తారు అనేదానికే ఆ మెసేజ్‌లో జవాబుండదు.

ఇక ఫారం నింపే దగ్గర. కేంద్ర పోర్టల్‌లో ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేయాలి. 14 అంకెల నంబరు వస్తుంది, చదువు పూర్తయ్యేదాకా అదే నంబరు. ముఖం చూపించి ఆధార్ అథెంటికేషన్ చేయడానికి ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ కావాలి. దాన్ని ప్లే స్టోర్‌లోనే, తయారు చేసింది ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ అని చూసి దింపుకోవాలి. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్‌గా వచ్చిన ఏ స్కాలర్‌షిప్ యాప్‌నీ ముట్టుకోకూడదు, అవి ఫోన్‌లోకి వచ్చే మెసేజ్‌లు చదివి ఓటీపీలు ఎత్తుకుపోతాయి.

నెట్ సెంటర్‌లో చేయిస్తే చేయించండి, తప్పులేదు. కాకపోతే అక్కడ హడావిడిలో సెంటర్ వాళ్ల మొబైల్ నంబరో మెయిల్ ఐడీనో పెట్టేస్తారు. వచ్చే ఏడాది రెన్యువల్‌కు ఓటీపీ వాళ్లకు వెళుతుంది, అప్పటికి ఆ కుర్రాడు అక్కడ పని మానేసి ఉంటాడు. పిల్లల సొంత నంబరు లేదా నాన్న నంబరు, ఆ నంబరు చదువయ్యేదాకా మార్చకూడదు. స్కాన్ చేసిన కాగితాలు సెంటర్ కంప్యూటర్‌లో తీసేయించి, లాగవుట్ అయ్యాకే లేవాలి. అక్‌నాలెడ్జ్‌మెంట్ ప్రింటు మీకు ఒకటి.

పేరు తేడాలు ఇంకో తలనొప్పి. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. సత్యనారాయణలో, వెంకటలక్ష్మిలో ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోచోట ఒక్కోలా. ఆధార్‌ను పది మెమోకు సరిపడా మార్పించడమే తేలిక, మెమో మార్పించడం పెద్ద తిరుగుడు. పోర్టల్ తెరిచాక కాదు, వేసవి సెలవుల్లోనే ఆ పని చేయించాలి. ఆదాయ ధ్రువపత్రం కూడా అంతే. రైస్ కార్డు ఉంది కదా అని ఊరుకుంటారు. కేంద్ర పథకాలకు తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రమే కావాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టిస్తే చాలు.

జిల్లా పేరు దగ్గర కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక రాజోలు కోనసీమ జిల్లా అయింది. పిల్లల పాత కాగితాల్లో, చాలామంది ఆధార్‌లో ఇంకా తూర్పు గోదావరే. నర్సాపురం, పాలకొల్లు వైపు పేరు మారలేదు గానీ ఆఫీసులు ఏలూరు నుంచి భీమవరానికి వచ్చాయి. ఫారంలో ఇప్పుడున్న జిల్లానే ఎంచుకోవాలి. తప్పు జిల్లా పెడితే వెరిఫికేషన్ వేరే ఆఫీసు లాగిన్‌కు పోయి కూర్చుంటుంది.

ఫారం సబ్మిట్ చేస్తే పని అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. కాలేజీలో ఇన్‌స్టిట్యూట్ నోడల్ ఆఫీసర్ తన లాగిన్‌లో వెరిఫై చేయాలి, ఆపైన రెండో స్థాయి అధికారి. విద్యార్థి చివరి తేదీ ఒకటి, కాలేజీ వెరిఫికేషన్ చివరి తేదీ ఇంకొకటి. పిల్లలు చివరి రోజు సబ్మిట్ చేస్తే నోడల్ ఆఫీసర్‌కు తప్పులు సరిచేయించే వ్యవధి ఉండదు. మీ కాలేజీలో ఆ లాగిన్ ఎవరి దగ్గరుందో ఈ వారమే కనుక్కోండి. చాలాచోట్ల బదిలీ అయిన లెక్చరర్ పేరు మీదే ఉండిపోతుంది, కొత్తవారికి మార్పించడానికి టైము పడుతుంది. స్టేటస్‌లో డిఫెక్టివ్ అని వస్తే తిరస్కరించినట్టు కాదు, దిద్దుకోమని వెనక్కి పంపినట్టు. కారణం అక్కడే రాసి ఉంటుంది. గడువులోపు దిద్ది మళ్లీ పంపకపోతే అప్పుడు పోయినట్టే.

డబ్బు పడే దగ్గర కూడా చిక్కు ఒకటుంది. సర్కారు డబ్బు ఇప్పుడు ఖాతా నంబరుకు కాదు, ఆధార్‌కు పంపిస్తారు. ఆ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకులో సీడింగ్ అయిందో ఆ ఖాతాకే వెళుతుంది. ఖాతాకు ఆధార్ లింకు ఉండటం వేరు, డబ్బు జమకు సీడింగ్ వేరు. ఎక్కడో కొత్త ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా టిక్ పెడితే సీడింగ్ అక్కడికి మారిపోతుంది. పడలేదు పడలేదని ఏడుస్తున్న డబ్బు మరిచిపోయిన ఖాతాలో ఉంటుంది. మై ఆధార్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే నిమిషంలో తేలుతుంది. కేంద్ర స్కాలర్‌షిప్ ఎక్కడిదాకా వచ్చిందో పీఎఫ్‌ఎంఎస్ డాట్ నిక్ డాట్ ఇన్‌లో చూడొచ్చు.

అయితే మన కోనసీమ ఇళ్లలోలా అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే? ఇంటర్ పిల్లలకు వచ్చే రాష్ట్ర పథకం తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది. 2025లో 15,000లో 2,000 మినహాయించి 13,000 వేశారు. ఆమె ఇక్కడి సిమ్ రీచార్జ్ లేక ఆగిపోతే ఓటీపీ రాదు, ఓటీపీ లేకపోతే సీడింగ్ ఎక్కడుందో కూడా చూడలేరు. సెలవు మీద వచ్చినప్పుడే బ్యాంకు కేవైసీ, సీడింగ్, ఆధార్‌కు వాడుకలో ఉన్న మొబైల్ నంబరు, ఈ మూడూ చూసుకుని వెళ్లమనాలి. అడ్మిషన్ల సమయంలో "అమ్మ ఎక్కడుంటారు" అని ఒక్క ప్రశ్న వేసి, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పిల్లల పేర్లు విడిగా రాసుకుంటే ఏ నెల ఎవరు సెలవు మీద వస్తున్నారో మీకు తెలుస్తుంది. అర్హుల జాబితా, తిరస్కరణ కారణాలు సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుల దగ్గర అడగాలి. ఫోన్ చేసి "మీ అమ్మగారి డబ్బు ఆగింది, విడుదల చేయిస్తాం" అనేవాడు ఏ ఆఫీసువాడూ కాడు.

ప్రైవేటు ఫౌండేషన్ల స్కాలర్‌షిప్‌లను తీసిపారేయొద్దు, మంచివి ఉన్నాయి. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులు 5,000 మందికి కోర్సు మొత్తం మీద 2 లక్షల వరకు ఇస్తోంది. ఇక్కడ గవ్ డాట్ ఇన్ పరీక్ష పనికిరాదు కాబట్టి పద్ధతి మార్చాలి. ముందు ఆ ఫౌండేషన్ సొంత సైట్‌కు వెళ్లి స్కాలర్‌షిప్ పేజీ ఉందో లేదో చూడాలి. కొన్ని సంస్థలు దరఖాస్తుల పని వేరే పోర్టల్‌కు అప్పగిస్తాయి, అదీ నిజమే కావచ్చు, కానీ ఆ పోర్టల్ లింకు ఫౌండేషన్ పేజీలోనే కనిపించాలి. రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రాసెసింగ్ చార్జీ, సీటు ఖాయం చేసుకోవడానికి డిపాజిట్ అని అడిగితే ఆ క్షణమే మూసేయాలి. స్కాలర్‌షిప్ ఇచ్చేవాడు మన దగ్గర ఎదురు డబ్బు పుచ్చుకోడు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికీ, బ్యాలెన్స్ చూడటానికే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని నోటికొచ్చేదాకా చెప్పించండి.

రుణాల గురించి క్లుప్తంగా. 4 లక్షల వరకు విద్యా రుణానికి బ్యాంకులు పూచీగా ఆస్తి అడగవు. పీఎం విద్యాలక్ష్మిలో ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో చేరినవారికి తనఖా, హామీదారు లేకుండా రుణం ఉంది. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై చదువుకునే కాలానికి, ఆ తరువాత ఇచ్చే విరామానికి 3 శాతం వడ్డీ రాయితీ. మీ పిల్లలు చేరే కాలేజీ ఆ జాబితాలో ఉందా అనేదే ముందు చూడాల్సింది. మన చుట్టుపక్కల చాలా ప్రైవేటు కాలేజీలు ఆ జాబితాలో ఉండవు. ఫోన్‌లో నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజున వెళతారు, కాబట్టి ఫీజు తేదీలు ముందే తెలియడం ముఖ్యం.

తరగతి గోడ మీద ఒక చార్టు పెట్టండి. పథకం పేరు, ఎవరిస్తారు, అడ్రస్, ఈ ఏడాది చివరి తేదీ, ఆఖరి గడిలో "సరిచూసిన తేదీ, చూసినవారి పేరు". పదిహేను రోజులకొకసారి ఇద్దరు పిల్లలకు ఆ పని అప్పగించండి. వాళ్లే సైట్ తెరిచి, తేదీ మారిందేమో చూసి, గడిలో సంతకం పెట్టాలి. సంతకం పాతబడిన వరసను ఎవరూ నమ్మకూడదని రూలు. చివరి తేదీలు పొడిగించడం మామూలే, కానీ పొడిగిస్తారని కూర్చోకూడదు కదా, అందుకే చార్టు మీద అసలు తేదీకి పది రోజుల ముందు తేదీ వేయండి.

ఇది చదువుతున్న ముమ్మిడివరం, తాళ్లరేవు వైపు మాస్టార్లకు ఒక మాట. మీ దగ్గరికి యానాం నుంచి వచ్చి చదివే పిల్లలుంటే వాళ్లకు జ్ఞానభూమి చూపించి పంపేయకండి. యానాం పుదుచ్చేరిలో భాగం, స్థానికత ధ్రువపత్రం అక్కడిదే. రాష్ట్ర పథకాల కోసం పుదుచ్చేరి ప్రభుత్వ సంక్షేమ, విద్యా శాఖల పేజీలు చూడాలి, యానాంలోని పరిపాలనాధికారి కార్యాలయంలో అడగాలి. కేంద్ర పోర్టల్‌లో నివాస రాష్ట్రం దగ్గర పుదుచ్చేరి, చదువుతున్న సంస్థ రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ ఎంచుకోవాలి. రెండుచోట్లా ఆంధ్రా అని పెట్టేస్తే యానాం ధ్రువపత్రంతో సరిపోలక డిఫెక్టివ్‌గా వెనక్కి వస్తుంది.